ముప్పై రెండు సెంట్లు

పోయిన ఆదివారం టెక్సాస్‌లో, కాపెల్‌లోని మా అమ్మాయి ఇంట్లో టీవీలో ఫుట్‌బాల్ నడుస్తోంది. ఫుట్‌బాల్ అంటే ఇక్కడిది. కాలితో తన్నడం తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. ఒకచోట ఆట ఆగింది. బంతి చేరాల్సిన చోటికి చేరిందా, కాస్త ఇవతలే ఆగిందా అని అనుమానం వచ్చింది. ఇలాంటప్పుడు ఇదివరకు ఇద్దరు మనుషులు చెరో కర్ర పట్టుకుని, కర్రల మధ్య పది గజాల గొలుసు లాక్కుంటూ మైదానంలోకి వచ్చేవారు. ఈసారి ఎవరూ రాలేదు. తెర మీద ఒక బొమ్మ వచ్చింది, ఇంత తక్కువైందని చూపించింది, ఆట మళ్ళీ మొదలైంది.

"గొలుసేదే?" అన్నాను.

"ఇప్పుడు ప్రో గేమ్స్‌లో కెమెరాస్‌తో మెజర్ చేస్తున్నారు మామ్. చెయిన్ ఊరికే సైడ్‌లో ఉంటుంది," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ ఆటంటే నాకు ప్రాణమేమీ కాదు. కానీ ఆ గొలుసు కోసం లేచి నిలబడే మనిషి ఒకాయన ఉండేవారు. ఈ కబురు వింటే ఆయన ఎంత గొడవ చేసేవారో తలుచుకుని నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ వేసవికి ముందే ఆయన పోయారు.

ప్రకటనలు వచ్చాయి. మా అమ్మాయి ఫోన్ చూసుకుంటూ, "మామ్, ట్రివియా. ఫుట్‌బాల్ ఫీల్డ్ ఎన్ని ఎకరాలు? ఎండ్ జోన్స్‌తో కలిపి. ఇది యార్డ్స్ అంకుల్‌ని అడగాల్సిన క్వశ్చన్ కదా," అంది.



యార్డ్స్ అంకుల్ అన్నది మా పిల్లలు పెట్టిన పేరు. పెద్దవాళ్ళం ఆయన వెనకాల గజాలాయన అనేవాళ్ళం. ఎదురుగా నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు. అసలు పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. రాస్తే అది వేరే ఎవరో అనిపిస్తుంది.

మొదటిసారి ఆయన్ని చూసింది కాపెల్ పక్కనున్న ఇర్వింగ్‌లో, మా అపార్ట్‌మెంట్ గుమ్మంలో. డెబ్బై ఎనిమిదో సంవత్సరం. మావారూ ఆయనా ఒకే కంపెనీలో రోడ్ల డిజైన్ పని చేసేవారు. మా ఇంటికి కలర్ టీవీ వచ్చిందని తెలిసి, ఆదివారం మధ్యాహ్నం టై కట్టుకుని వచ్చారు. టీవీ చూడటానికి టై ఏమిటని నేను లోపల అనుకుంటుండగానే, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగారు.

"చెల్లెమ్మా, ఈ బంతిని వీళ్ళు పందితోలు అంటారు. నిజానికి ఏ తోలో చెప్పుకో చూద్దాం?"

పేరు తెలియదు, ఊరు తెలియదు, ఈ తోలు గోల ఏమిటని చిరాకేసింది. "టీ తాగుతారా అండీ?" అన్నాను.

"ఆవుతోలమ్మా! పేరు పందిది, ప్రాణం ఆవుది. అన్యాయం కదూ?" అని నాలుకతో చప్పుడు చేసి, అప్పుడు వంగి బూట్లు విప్పుకున్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. ప్రశ్న వేయనిదే గడప దాటేవారు కాదు. ప్రో ఆటలో ఏ స్కోరుతో ముగించడం ఎప్పటికీ కుదరదు? ఒకటితో. టచ్‌డౌన్ అని పేరుంది కదా, బంతిని నేలకి తాకించాలా? అక్కర్లేదు, గీత దాటితే చాలు. గీత దగ్గర బంతి పట్టుకున్నవాడికి కాలేజీ ఆటలో ఒక పాదం లోపలుంటే చాలు, ప్రో ఆటలో రెండూ ఉండాలి. మూడు గంటలు కూర్చోబెడతారు గానీ, బంతి కదిలేది పట్టుమని పావుగంట కూడా ఉండదు. నేను పప్పు తాలింపు వేస్తూనే ఇవన్నీ విన్నాను. వినకుండా ఉండే వీలు ఆ ఇంట్లో లేదు. వంటగదికీ హాలుకీ మధ్య గోడ సగమే ఉండేది.

ఈ పిచ్చి ఎలా పట్టిందో ఆయనే చెప్పారు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన మొదటి నెలలో, తోటి విద్యార్థులు కాలేజీ ఆటకి తీసుకెళ్ళారట. చుట్టూ వేలమంది అరుస్తున్నారు. ఈయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతలో అరుపులన్నీ ఆగిపోయి, ఇద్దరు మనుషులు గొలుసు పట్టుకుని గడ్డిలోకి నడిచారు. ఈయన గభాలున లేచి నిలబడి, పక్కవాడి భుజం పట్టుకుని అడిగారట.

"కేసు ఎవరు వేశారు?"

ఆయన నవ్వుతూ చెప్పే కథే గానీ, అందులో ఆయనకి నవ్వులాట ఏమీ లేదు. వాళ్ళ ఊళ్ళో గొలుసు పొలంలోకి దిగేది సర్వేయరు వస్తేనే. సర్వేయరు వచ్చేది గట్టు తగాదా వస్తేనే. గొలుసు దిగిందంటే ఆ రెండిళ్ళకీ మాటలు పోయినట్టే. వాళ్ళ నాన్నా బాబాయీ పక్కపక్క చేలల్లో నిలబడి, మధ్య గట్టు ఎవరిదో తేలక కోర్టుకెళ్ళారు. కోర్టు అమీనా వచ్చి కొలిచినా ఒప్పుకోలేదు, మళ్ళీ కొలిపించారు. "మా నాన్న పోయేదాకా సెంటు కూడా వదల్లేదమ్మా," అని చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వమే ఉండేది. బాబాయి శవం వీధిలోంచి వెళుతుంటే వాళ్ళ నాన్న తలుపు తీయలేదన్న సంగతి కూడా అదే గొంతుతో చెప్పారు.

అలాంటి మనిషికి ఈ ఆట దొరికింది. నాలుగు అవకాశాల్లో పది గజాలు ఆక్రమించుకోవాలి, లేదా పొలం అవతలివాడికి అప్పజెప్పాలి. "ఇది ఆట కాదు చెల్లెమ్మా, గట్టు తగాదా. కాకపోతే వీళ్ళు మూడు గంటల్లో తేల్చుకుని, చేతులు కలుపుకుని ఇళ్ళకి పోతారు. మనవాళ్ళకి ఆ తెలివి లేకపోయింది," అనేవారు. యార్డు అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. గజమే. మన సర్వే గొలుసు ఇరవై రెండు గజాలు, క్రికెట్ పిచ్ కూడా సరిగ్గా ఇరవై రెండు గజాలే, ఇంగ్లీషువాడు ఎక్కడికెళ్ళినా గొలుసు పట్టుకునే వెళ్ళాడని ఒక పూటంతా చెప్పగలిగేవారు.

టీవీలో గొలుసు వచ్చినప్పుడు ఆయన్ని చూడాలి. నోట్లో కారప్పూస ఉన్నా సరే, నమలడం ఆపి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఊపిరి కూడా బిగబట్టేవారు. అంపైరు రెండు చేతులూ ఎడంగా పెట్టి ఇంత తక్కువని చూపించేలోపే, "బెత్తెడు తక్కువ!" అనో, "జానెడు ఎక్కువ!" అనో తీర్పు చెప్పి కూర్చునేవారు. చాలాసార్లు సరిపోయేది. సరిపోనప్పుడు అంపైరుదే తప్పు.

అన్నిటికంటే ఆయనకి ఇష్టమైన లెక్క మైదానం విస్తీర్ణం. పొడవు రెండు చివర్లా పదేసి గజాలుండే ఎండ్ జోన్లతో కలిపి నూట ఇరవై గజాలు. వెడల్పు నూట అరవై అడుగులు, అంటే యాభై మూడు గజాల మీద ఒక్క అడుగు. "వెరసి ఎకరం ముప్పై రెండు సెంట్లు!" అని అరచేత్తో బల్ల మీద కొట్టేవారు.

మాది వరంగల్ పక్క, ఎకరానికి నలభై గుంటల లెక్క. మావారికి సెంట్ల లెక్క ఎక్కదు. "సెంట్లేందన్నా? గుంటల్ల చెప్పు, సమజైతది," అనేవారు.

"ఎకరం పదమూడు గుంటలు వేసుకో. కానీ పదమూడోది నిండదు. సెంట్లలో అయితే ముప్పై రెండూ నిండుతాయి. నీ గుంట కోసం నేను తప్పు చెప్పమంటావా?"

"చారెడు మన్ను కోసం ఏం పంచాయితన్నా?"

"చారెడు కాదయ్యా! చారెడు చారెడు అనే మీ పక్క పొలాలన్నీ పోయాయి!"

ఆ యాభై మూడు గజాల మీది ఒక్క అడుగు గురించి ఆ ఇద్దరూ ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. ఓడిపోవడం ఆయనకి చేతకాదు. వాదన తెగకపోతే సోమవారం ఆఫీసులో మళ్ళీ ఎత్తుకునేవారు. ఈ మనిషితో వదిన ఎలా వేగుతోందో అని నేను జాలిపడేదాన్ని. ఆవిడ మాత్రం ఆదివారం ఆయన్ని మా ఇంటికి పంపించి హాయిగా నిద్రపోయేది.

డెబ్బై తొమ్మిది నవంబరు వచ్చింది. ఇరాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్ళని బందీలుగా పట్టుకున్న నెల. మా ఛాయ, మా ముక్కు, మా జుట్టు చూసి మేము ఎక్కడివాళ్ళమో ఇక్కడ ఎవరికీ తెలిసేది కాదు, ఇరాన్ వాళ్ళమనే అనుకునేవారు. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే గుజరాతీ అబ్బాయి కారు అద్దం పగలగొట్టారు. కిరాణా కొట్లో నన్ను చూసి ఒకామె తన బండి వేరే వరసలోకి తిప్పుకుంది. మావారికి గడ్డం ఉండేది. తీసేయమన్నాను. "నేనేం తప్పు జేసిన? ఎందుకు తియ్యాలె?" అన్నారు. అప్పుడు నాకు ఏడో నెల. అంతకుముందు ఏడాది ఒకసారి ఐదో నెలలో కడుపు పోయింది. అందుకని ఆ రోజుల్లో నాకు భయం కానిదంటూ ఏదీ లేదు.

థాంక్స్‌గివింగ్ సెలవులకి హ్యూస్టన్‌లో స్నేహితుల ఇంటికి వెళ్ళి, శనివారం తిరిగి వస్తున్నాం. మావారూ నేనూ ఆయనా. వదిన ఇర్వింగ్‌లోనే ఉండిపోయింది. ఆయన బండి, ఆయనే నడుపుతున్నారు. దారిలో నడుము దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. నేను పైకి అనలేదు. అంటే నిజమవుతుందని భయం. కాసేపటికి ఆ నొప్పి ముందుకి పాకింది. పోయిన ఏడాది వచ్చిన నొప్పి నాకు గుర్తుంది. ఇది అదే. మావారి చెయ్యి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే బండి ముందునుంచి తెల్లగా ఆవిరి లేచింది. రేడియేటర్ గొట్టం పగిలింది.

హైవే దిగి, పొగలు కక్కుతున్న బండిని ఒక చిన్న ఊరి మొదట్లో ఉన్న హోటల్ దాకా ఎలాగో లాక్కొచ్చారు. హోటల్ పక్కన, చెడిపోయిన బండ్లని లాక్కెళ్ళే ట్రక్కు నిలబెట్టి ఉంది. అది చూసి మావారు "దేవుడున్నడు" అన్నారు. తలుపు దగ్గరికి వెళ్ళాక చూస్తే, అద్దం లోపలి నుంచి ఒక అట్టముక్క అతికించి ఉంది. ఇరాన్ వాళ్ళకి ఇక్కడ ఏమీ అమ్మబడదు అని చేత్తో రాసి ఉంది.

ఆయన ఆ అట్ట చదివారు. మావారి గడ్డం వంక చూశారు. టై సరిచేసుకుని తలుపు తోశారు.

లోపల ఐదారుగురు మగవాళ్ళు, వడ్డించే పెద్దావిడ ఒకరు. గోడకున్న టీవీలో కాలేజీ ఆట వస్తోంది. మేము రాగానే మాటలు ఆగిపోయాయి. పెద్దావిడ నా పొట్ట చూసింది, మొహం చూసింది, తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఫోన్ దగ్గరికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి, ఆ చుట్టుపక్కలకి ఉన్న ఒకే ఒక్క అంబులెన్సు వేరే రోగిని తీసుకుని పోయిందనీ, తిరిగి రావడానికి చాలాసేపు పడుతుందనీ చెప్పింది. ఆసుపత్రి పక్క ఊళ్ళో ఉంది. కారులో అరగంట.

బయట నాలుగైదు ట్రక్కులున్నాయి. ఎవరూ కదల్లేదు. అందరూ ఒక మనిషి వైపు చూస్తున్నారు. టీవీకి ఎదురుగా కూర్చున్న లావాటి మనిషి, మాసిన టోపీ. లాక్కెళ్ళే ట్రక్కు అతనిదే. మావారు అతని దగ్గరికి వెళ్ళి, నా భార్యకి నొప్పులు వస్తున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అని ఇంగ్లీషులో చెప్పారు.

టోపీ మనిషి టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "మీరు ఎక్కడివాళ్ళు?" అన్నాడు.

"ఇండియా."

"అది ఇరాన్ పక్కనేగా?" అన్నాడు కౌంటర్ దగ్గర కూర్చున్నవాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వులో సరదా ఏమీ లేదు.

మావారు జవాబు చెప్పేలోపు టీవీలో ఆట ఆగింది. గొలుసు పట్టుకుని ఇద్దరు మనుషులు మైదానంలోకి వచ్చారు. హోటల్ అంతా నిశ్శబ్దమైపోయింది. నా పక్కన నిలబడి ఉన్న ఆయన చేతులు వెనక్కి పోయాయి. ఇంత జరుగుతుంటే ఏమిటీ మనిషి అనుకున్నాను. అలవాటు, ఆయన చేతుల్లో లేదు. గొలుసు బిగిసింది.

"బెత్తెడు తక్కువ," అన్నారు. తెలుగులో. పైకి.

అందరూ ఇటు తిరిగారు. ఏమన్నాడు వాడు, అది ఏ భాష అని కౌంటర్ దగ్గరివాడు స్టూల్ మీంచి దిగాడు. ఆయన కంగారుగా చెయ్యి ఎత్తి, నాలుగు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించారు. ఇంత తక్కువ అని ఇంగ్లీషులో చెప్పారు. టీవీలో అంపైరు చేతులు పైకెత్తి అంతే ఎడం చూపించాడు.

టోపీ మనిషి మొదటిసారి మా వైపు చూశాడు. "నీకు ఆట తెలుసా?"

"కొంచెం తెలుసు సర్."

"కాలేజీ ఆటకీ ప్రో ఆటకీ తేడా ఏమిటి?"

గీత దగ్గర ఒక పాదం, రెండు పాదాల సంగతి చెప్పారు. టచ్‌డౌన్ తర్వాత రెండు పాయింట్ల కోసం ప్రయత్నించే వీలు కాలేజీవాళ్ళకే ఉంది, ప్రోలకి లేదని చెప్పారు. అప్పట్లో అంతే. టోపీ మనిషి తల ఆడించాడు. కిటికీలోంచి బయటికి వేలు చూపించాడు. అవతల దున్నిన పొలం ఒకటి ఉంది.

"అది నాది. ఎకరం అంటే ఎంతో మా తాత నాకు ఈ కిటికీలోంచే నేర్పాడు. ఒక ఫుట్‌బాల్ ఫీల్డ్ అంత. సరిగ్గా ఒక ఎకరం. ఈ టేబుల్ దగ్గర ఉన్నవాళ్ళకెవరికీ తెలియదు ఆ సంగతి."

అతను ప్రశ్న అడగలేదు. గొప్పగా చెప్పుకున్నాడు, అంతే. ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ మాట ఆయన చెవిన పడ్డాక నోరు దానంతటదే తెరుచుకుంది.

"వన్ ఏకర్ థర్టీ టూ సెంట్స్," అన్నారు.

సెంటు అంటే ఎకరంలో నూరో వంతు అని మనకి తెలుసు. టెక్సాస్‌వాళ్ళకి సెంటు అంటే జేబులో చిల్లర.

"థర్టీ టూ సెంట్స్?" అన్నాడు టోపీ మనిషి మెల్లగా. "నా ఎకరానికి నువ్వు ముప్పై రెండు సెంట్లు ఇస్తావా?"

"ఇలాగే వస్తారు," అన్నాడు కౌంటర్ దగ్గరివాడు. "మన దగ్గర చమురు డబ్బు గుంజి, ఆ డబ్బుతోనే వచ్చి మన భూములు కొంటారు."

కుర్చీలు కదిలిన చప్పుడు. ఒకడు వెళ్ళి మా వెనకాల తలుపు దగ్గర నిలబడ్డాడు. మావారు నా ముందుకి వచ్చి నిలబడ్డారు. అప్పుడే నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి నడుం విరిగేంతగా. బల్ల అంచు పట్టుకున్నాను. కేక బయటికి రాకుండా పెదవి కొరుక్కున్నాను.

ఆయన నోరు తెరిచారు. ఆ నోట్లోంచి ఏమి రాబోతోందో నాకు తెలుసు. నూట అరవై అడుగులు, యాభై మూడు గజాల మీద ఒక్క అడుగు, చదరపు గజాలు, సెంటుకి ఇన్ని. ఆ వరసంతా నాకు కంఠతా వచ్చు. మొదలుపెడితే ఆయన ఆగరు. రుజువు చేయనిదే వదలరు. తండ్రి వదల్లేదు, ఈయనా వదలరు. మనసులో ఉన్న దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాను. అన్నయ్యా వద్దు అని అరవబోయాను.

ఆయన తల తిప్పి నన్ను చూశారు. బల్ల అంచు మీద నా వేళ్ళు చూశారు.

"ఐ యామ్ సారీ సర్," అన్నారు. "నా ఇంగ్లీషు బాగోదు. నేను పొరపాటు పడ్డాను. మీ తాతగారు చెప్పిందే నిజం. ఒక ఎకరం."

టోపీ మనిషి ఆయన్ని పరీక్షగా చూశాడు. "ఎండ్ జోన్లతో కలిపా?"

చిన్న ప్రశ్న. ఎండ్ జోన్లు తీసేస్తే ఎకరానికి దగ్గరగా వస్తుందని సర్దిచెప్పుకునే దారి ఒకటి ఉండేది. అదీ మూసేశాడు. ఆయన మెడ మీద చెమట టై ముడిలోకి దిగడం నాకు కనిపించింది.

"కలిపే సర్. ఎండ్ జోన్లతో కలిపి, సరిగ్గా ఒక ఎకరం."

"నేను చెప్పలేదూ," అన్నాడు టోపీ మనిషి, బల్ల దగ్గరున్నవాళ్ళతో. అప్పుడు నన్ను నిజంగా చూశాడు. లేచి, జేబులోంచి తాళాలు తీశాడు. "అమ్మాయి మొహం చూడండ్రా. తప్పుకోండి."

ట్రక్కులో ముందు ముగ్గురికే చోటుంది. మావారు ఆయన్ని ఆ మనుషుల మధ్య ఒంటరిగా వదిలి రానన్నారు. ఆయన మావారి వీపు మీద చెయ్యి వేసి బయటికి తోశారు. "నువ్వు చెల్లెమ్మతో వెళ్ళవయ్యా. బండి దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా," అన్నారు. తలుపు మూసుకునేటప్పుడు చూశాను. ఆ ఐదుగురి మధ్య, టై సరిచేసుకుంటూ, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

దారిలో టోపీ మనిషి ఇదే మొదటి కాన్పా అని అడిగాడు. మొదటిది పోయిందని మావారు చెప్పారు. ట్రక్కు వేగం పెరిగింది. ఆసుపత్రి ఉన్న ఊళ్ళో సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు ఉన్నా ఆగలేదు.

ఆసుపత్రిలో నొప్పులు ఆపారు. బిడ్డ నిలిచింది. సాయంత్రానికి ఆయన బండి వేసుకుని ఆసుపత్రికి వచ్చారు. ఆ టోపీ మనిషే తిరిగి వెళ్ళి గొట్టం మార్చాడట. పెద్దావిడ ఆయనకి పంప్‌కిన్ పై, అంటే వాళ్ళ గుమ్మడికాయ తీపి, పెట్టిందట. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఒకడు మాత్రం ఆట అయ్యేదాకా పక్కనే కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదట.

"భయమేసిందా అన్నయ్యా?" అన్నాను.

"భయం సంగతి తర్వాతమ్మా. మా నాన్న చూస్తుంటే చీపురు తిరగేసేవాడు," అన్నారు. నవ్వబోయారు గానీ మొహం సహకరించలేదు. మంచం అంచున కూర్చుని టై ముడి వదులు చేసుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ప్రశ్న వేయకుండా ఆయన గది గడప దాటిన రోజు అదొక్కటే.

మరుసటి వేసవికి ఇండియా వెళ్ళొచ్చి, బాబాయి కొడుకుతో, "హద్దు రాయి నీకు ఎక్కడ కావాలంటే అక్కడ పాతుకోరా" అని చెప్పి వచ్చానన్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను అనను. అడిగితే ఆయన కూడా ఒప్పుకునేవారు కాదు. ప్రశ్నలు మానలేదు, వాదనలు మానలేదు, గొలుసు వస్తే నిలబడటం మానలేదు. ఇర్వింగ్ స్టేడియం పైకప్పుకి నడిమధ్య పెద్ద కంత ఉండేది. దేవుడు ఆట చూసుకోవడానికే ఆ కంత అని ఊళ్ళో అనేవారు. దేవుడికైనా బెత్తెడు తేడా అంత ఎత్తునుంచి కనపడదు, అందుకే గొలుసు కావాలని ఈయన అనేవారు.

ఎనభై అయిదో ఎనభై ఆరో, ఒక ఆదివారం మా ఇల్లు నిండా జనం. కొత్తగా వచ్చిన కుర్ర ఇంజినీరు ఒకతను, ఈయన సంగతి ఎవరో చెప్పి పంపితే, "అంకుల్, ఈ గ్రౌండ్ ఎన్ని ఎకరాలు ఉంటుందండీ?" అని అడిగాడు. మావారు నవ్వుతూ సర్దుక్కూర్చున్నారు. బల్ల మీద అరచెయ్యి పడుతుందని అందరం చూస్తున్నాం. నా చేతిలో గరిటె ఆగింది. మా అమ్మాయి కార్పెట్ మీద బొమ్మలకి జడలు వేసుకుంటోంది. ఆయన దాని వంక కాసేపు చూశారు.

"ఎకరం," అన్నారు.

"ఎండ్ జోన్స్ కాకుండానా?"

"కలిపేనయ్యా." కప్పు ఎత్తి టీ తాగారు.

మావారు ఏదో అనబోయి, నన్ను చూసి నోరు మూసుకున్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ లెక్క ఎవరూ ఎత్తలేదు. మా అమ్మాయికి తను కడుపులో ఉన్నప్పటి ఆ శనివారం సంగతి, నొప్పులు వచ్చాయన్నంతవరకే తెలుసు.

టీవీలో ప్రకటనలు అయిపోవచ్చాయి.

"మామ్, టైమ్ అయిపోతోంది. ఎన్ని ఎకరాలు?"

"ఒకటి," అన్నాను. "ఎండ్ జోన్లతో కలిపి."

అది ఫోన్ నొక్కి, నవ్వింది. "రాంగ్! వన్ పాయింట్ త్రీ టూ అంట. అంకుల్ ఉంటే నిన్ను వదిలేవాడా?"

"ఫోన్ చెప్పింది కరెక్టేనే," అన్నాను. "కానీ మనింట్లో ఎకరమే."